ఉగ్గబట్టిన ఏళ్లు

అరుణజ్యోతికి ఇరవై రెండేళ్లు వచ్చేసరికి, ఆమె కడుపు మీద చెయ్యి పెట్టి చూడని డాక్టరు ఈ చుట్టుపక్కల మిగల్లేదని వాళ్లమ్మ నరసమ్మ అంటుండేది. ఆ మాటలో కొంత అతిశయం ఉంది గానీ అబద్ధం లేదు. పదమూడో ఏట పెద్దమనిషి అయిన నాటి నుంచి పట్టుకుంది ఆ నొప్పి. బొడ్డు కింద, లోపలెక్కడో, తడిబట్టను పిండినట్టు మెలిపెట్టేది. మొదట్లో ముట్టు రోజుల్లో మాత్రమే వచ్చి పోయేది. ఇంటర్‌కు వచ్చేసరికి దానికి ముట్టుతో పని లేకపోయింది. కూర్చుంటే వచ్చేది, నిలబడితే వచ్చేది, తుమ్మితే వచ్చేది.

ఊళ్లో ఆరెంపీ డాక్టరు సూదులు వేశాడు. టౌనులో ఒక నర్సింగ్ హోం వాళ్లు అపెండిక్స్ అని చెప్పి కోసి తీసేశారు. కుట్లు మానాయి, నొప్పి మానలేదు. స్కానింగ్ తీసిన ప్రతిచోటా ఒకటే మాట: "గర్భసంచి బాగుంది, అంతా బాగుంది, ఏమీ లేదు." ఏమీ లేదన్న మాట మొదట్లో నరసమ్మకు ఊరటగా వినబడింది. పోనుపోను అదే కూతురి మీద పడిన నిందలాగా తయారైంది. ఏమీ లేకపోతే ఈ పిల్ల పట్టపగలు మూడంకె వేసుకుని ఎందుకు పడుకుంటుంది? తోడికోడలు ఓబులమ్మ అయితే మొహం మీదే అనేసింది. "పెండ్లి చేసెయ్‌మ్మే, అదే సర్దుకుంటాది. మాకు రాలేదా ఈ నొప్పులు?"

అరుణజ్యోతి ఎవరికీ జవాబు చెప్పేది కాదు. ఆమెది నోటి పంతం కాదు, చేతల పంతం. డిగ్రీ మధ్యలో ఆగిపోయినా ఊళ్లో కూర్చోలేదు. బుక్కరాయసముద్రంలో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఒక గది తీసుకుంది. అనంతపురం శివార్లలో రెడీమేడ్ చొక్కాలు కుట్టే షెడ్డులో పనికి కుదిరింది. అక్కడ కాలర్లు కుట్టే పని చెయ్యి తిరిగిన వాళ్లకే ఇస్తారు. ఏడాది తిరక్కముందే ఆమె కాలర్ల వరసలోకి వచ్చింది.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. మిషన్ల వరసకొక చెక్క బిళ్ల మేకుకు వేలాడుతుంటుంది. బాత్రూముకు పోవాలంటే ఆ బిళ్ల తీసుకుని పోవాలి. పోయినవాళ్లు వచ్చి దాన్ని మళ్లీ మేకుకు తగిలించేదాకా ఇంకొకరు లేవకూడదు. సూపర్‌వైజర్ చంద్రమోహన్ పెట్టిన పద్ధతి అది. ఆడవాళ్లు దాని కోసం కీచులాడుకునేవాళ్లు. అరుణజ్యోతి మాత్రం ఆ బిళ్లను ముట్టుకునేదే కాదు. పొద్దున గదిలో బయల్దేరితే మళ్లీ సాయంత్రం గదికి చేరాకే. పక్క మిషన్ మీద కూర్చునే రామాంజినమ్మ, నలభై దాటిన మనిషి, ఎగతాళి చేసేది.

"నీది కడుపా చెరువా మే? ఇన్ని నీళ్లు యాడ దాచుకుంటావు?"

అరుణజ్యోతి నవ్వేది. అది తన గొప్పే అనుకునేది. ఆకలి గానీ, దాహం గానీ, ఒంటికి పోవడం గానీ, ఏదైనా ఉగ్గబట్టుకోగలదు తాను. చంద్రమోహన్ కూడా మిగతావాళ్లకు ఆమెనే చూపించి బుద్ధులు చెప్పేవాడు.

మొన్నటి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆమె కాలరు మీద సూది నడుపుతూ నడుపుతూ పక్కకు ఒరిగిపోయింది. ఒళ్లంతా చెమట, పెదాలు తెల్లగా పాలిపోయాయి. రామాంజినమ్మే ఆటో పిలిచి, తన భుజం ఆసరా ఇచ్చి ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ ఉన్న లేడీ డాక్టరు పేరు సుమిత్ర. టౌనులో బట్టలంగడి పెట్టుకున్న వైశ్యుల ఇంటి ఆడపడుచు, యాభై దాటిన మనిషి, నెమ్మదస్తురాలు.

సుమిత్ర పాత రిపోర్టులన్నీ చూసింది. "ఏమీ లేదు" అనే మాట ఆమె నోట రాలేదు. "నొప్పి ఎక్కడెక్కడ పుడుతుందో నీ వేలితో చూపించమ్మా" అంది. ఆ తర్వాత ఎక్కడ నొక్కబోతోందో ముందే చెప్పి, అరుణజ్యోతి సరేనన్నాకే ఒక్కొక్కచోట నొక్కి చూసింది. తుంటి ఎముక అంచున, తొడ లోపలి వైపున, కూర్చుంటే కింద ఆనే ఎముక పక్కన. అక్కడ వేలు ఆనగానే అరుణజ్యోతి కెవ్వుమంది. తొమ్మిదేళ్లుగా తనను తింటున్న నొప్పి అదే. మొదటిసారి ఒకరి వేలు సరిగ్గా దాని మీద పడింది.

"ఇది గర్భసంచి కాదు, కండరం" అంది సుమిత్ర. "ఉయ్యాలలో బిడ్డను మోసే గుడ్డ ఉంటుంది చూడు, అట్లా కడుపులోని సంచులన్నిటినీ కింద నుంచి మోసే కండరాలు ఉంటాయి. నీవి ఎప్పుడూ బిగదీసుకునే ఉన్నాయి. పిడికిలి పగలూ రాత్రీ బిగించి పెట్టుకుంటే చెయ్యి నొప్పి పుట్టదా? ఇదీ అంతే. నీ నొప్పి నిజం. ఎవరేమన్నా సరే, అది నిజం."

నిజం అన్న ఆ ఒక్క మాట కోసం తాను ఎన్నాళ్లుగా తిరుగుతోందో ఆ క్షణం దాకా అరుణజ్యోతికే తెలియదు.

అయితే సుమిత్ర అక్కడితో ఆగలేదు. ముట్టు నొప్పికి మాత్రలు రాస్తూ, తల ఎత్తకుండానే మెల్లగా అడిగింది. "చిన్నప్పుడు ఇంట్లో ఎట్లా గడిచిందమ్మా నీకు? దెబ్బలు తినడం, భయపడుతూ బతకడం లాంటివి ఏమైనా?"

అరుణజ్యోతి మొహం గోడలా మారిపోయింది. "కడుపు నొప్పని వస్తే ఇంటి సంగతులు ఎందుకు మేడం? మా యమ్మానాయన మంచోళ్లు."

"మంచివాళ్లు కారని నేననలేదు. చిన్నతనంలో భయంలో పెరిగిన ఆడపిల్లల్లో ఈ నొప్పి ఎక్కువగా చూస్తుంటాం. అట్లా పెరిగిన అందరికీ రాదు, వచ్చిన అందరికీ అదే కారణమని కూడా చెప్పలేం. తెలిస్తే వైద్యం చేయడం తేలిక, అంతే. చెప్పాలనిపించినప్పుడు చెప్పు, లేకపోతే లేదు." సుమిత్ర బలవంతపెట్టలేదు. ఫిజియోథెరపీ చేసే సారా దగ్గరికి పొమ్మని చెప్పి పంపింది.

సారా కూడా బుక్కరాయసముద్రం పిల్లే. అరుణజ్యోతి కంటే అయిదారేళ్లు పెద్దది. వాళ్లమ్మానాన్నలు కూలిపని చేసి, చర్చి హాస్టల్లో పెట్టి చదివించారు. ఆమె గదిలో యంత్రాలేమీ లేవు. ఒక చాప, రెండు దిండ్లు, కిటికీకి పచ్చటి తెర. అరుణజ్యోతిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ల కింద దిండు పెట్టి, ఊపిరి కడుపు నిండా పీల్చి వదలమంది.

"వదిలేటప్పుడు కింద కూడా వదులు చెయ్యి. ఒంటికి పోయేటప్పుడు వదిలినట్ల."

అరుణజ్యోతి ప్రయత్నించింది. ఊపిరి రొమ్ము దగ్గరే ఆగిపోయింది. మళ్లీ చేసింది. తొడలు వాటంతటవే దగ్గరికి వచ్చేశాయి. వదలడం అంటే ఏమిటో ఆమె ఒంటికి తెలియదు. కాలరు మీద వెంట్రుకవాసి వంకర పోనివ్వని మనిషి, తన ఒళ్లు తన మాట వినకపోతే ఉడుక్కుంది. "నాకు రాదక్కా ఇది" అని లేచి కూర్చుంది.

"బిగబట్టేది మాత్రం బాగా వచ్చు నీకు" అంది సారా నవ్వకుండా. "అది ఎప్పుడు నేర్చుకున్నావు?"

అరుణజ్యోతి తెర వైపు తిరిగి కూర్చుంది. తర్వాత, ఎవరికీ ఎన్నడూ చెప్పనిది, గొంతు పెంచకుండా, కన్నీళ్లు పెట్టకుండా చెప్పుకొచ్చింది.

ఆమెకు పదేళ్లప్పుడు వరసగా మూడో ఏడు వాన మొహం చాటేసింది. శెనక్కాయ చేలు పశువుల మేతకు కూడా పనికిరాకుండా మాడిపోయాయి. తండ్రి రామాంజులు, తల్లి నరసమ్మ ఊరందరిలాగే బెంగుళూరు బిల్డింగు పనులకు పోయారు. పిల్ల చదువు చెడకూడదని రామాంజులు అన్న ఎర్రిస్వామి ఇంట్లో వదిలిపెట్టారు. తనకల్లుకు కొంచెం దూరంలో ఉన్న తమ ఊళ్లో ఎర్రిస్వామికి మంచి పేరు. తాగడు, పేకాడడు, పంచాయితీల్లో నాలుగు మాటలు చెప్పే మనిషి. మాట వినని వాళ్లకు మాత్రం, ఎద్దయినా మనిషయినా, ఆయన దగ్గర ఒకటే మందు.

నెల తిరక్కముందే అరుణజ్యోతి అమ్మను వెతుక్కుంటూ పారిపోయింది. తనకల్లు దాకా నడిచి బెంగుళూరు బస్సెక్కి కూర్చుంది. కండక్టరు ఊరూ పేరూ అడిగి దింపేశాడు. ఎర్రిస్వామి వచ్చి బండి మీద తీసుకుపోయాడు. ఇంటికి చేరాక చర్నాకోల అందుకున్నాడు. మర్నాటి నుంచి, బడి లేని ప్రతిరోజూ, భార్యాభర్తలు చేనికి పోయేముందు పిల్లను విత్తనాల మూటలుండే గదిలో పెట్టి బయట గొళ్లెం వేసేవాళ్లు. పైన రేకులు. పక్కన చెంబుతో నీళ్లు. వాళ్లు తిరిగివచ్చేది పొద్దుగూకాక.

ఒకరోజు ఆపుకోలేకపోయింది. మూలనున్న విత్తనం మూట తడిసింది. వచ్చే పంటకారుకు దాచిన విత్తనం అది. ఎర్రిస్వామి కొడవలి కాల్చి తొడ మీద వాత పెట్టాడు. పెద్దమ్మ ఓబులమ్మ కొబ్బరినూనె రాస్తూ, "మీ యమ్మకు చెప్పద్దు, ఊరికే ఏడుస్తాది" అంది. ఆ తర్వాత అరుణజ్యోతి గదిలో చెంబును ముట్టుకోలేదు. తొడలు రెండూ కలిపి, పళ్లు బిగించి, ఊపిరి సగంలో ఆపి కూర్చోవడం నేర్చుకుంది. అట్లా రెండేళ్లు. ఉగాదికి వచ్చిన నరసమ్మ కొత్త గౌను తొడిగి "బాగుండావా బిడ్డా?" అని అడిగింది. పెదనాయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "బాగుండామ్మా" అంది పిల్ల.

సారా అంతా విని ఆమె చెయ్యి పట్టుకుంది. "నీ ఒళ్లు అప్పుడు నిన్ను కాపాడింది. ఆ పని అయిపోయిందని దానికి ఎవురూ చెప్పల్యా. మనమే చెప్దాం. ఒకరోజులో వినదు. విసుగొస్తాది, కోపమొస్తాది. అయినా చెప్తానే ఉండాల."

"చెప్తా" అంది అరుణజ్యోతి.

ఆ రోజు నుంచి ఆమె తన పంతాన్ని అటు తిప్పింది. పొద్దున స్నేహితురాళ్లు లేవకముందే చాప పరిచి సారా నేర్పినవన్నీ చేసేది. మొదట్లో నొప్పి తగ్గకపోగా ఎక్కువైంది. ఏడుపు వచ్చేది, ఎందుకొస్తుందో తెలిసేది కాదు. రెండుసార్లు మానేసింది, మళ్లీ మొదలుపెట్టింది. జరిగినదంతా ఈసారి సుమిత్రకు తానే చెప్పింది. మాత్రలు, వేడినీళ్ల కాపడం, సారా దగ్గర వారం వారం సాధన, వీటితో పాటు సుమిత్ర ఇంకొక మాట చెప్పింది: దాహమేస్తే నీళ్లు తాగాలి, ఒంటికి వస్తే పోవాలి, ఆపకూడదు. వినడానికి చిన్న మాటే.

షెడ్డులో అది చిన్న మాట కాలేదు. ఒకరోజు బిళ్ల మేకుకు లేని సమయంలో అరుణజ్యోతి మిషన్ ఆపి లేచింది. చంద్రమోహన్ ఆ చివర నుంచే కేకేశాడు.

"ఏమ్మా, యాడికి? బిళ్ల యాడుండాది?"

"బిళ్ల ఎవురో తీసకపోయినారు సార్. నాకిప్పుడు పోవాల."

"నువ్వు గూడా మొదలుపెడితివా? నిన్ను చూపించి గదా అందరికీ చెప్తాంటి!"

"అదే సార్, ఇంక చూపించద్దు. ఇట్ల ఆపుకొని ఆపుకొనే నాకు జబ్బు వచ్చింది. డాక్టరమ్మ చెప్పింది. కావాలంటే వచ్చి అడగండి, తీసకపోతా." షెడ్డంతా వినబడేలా చెప్పి, నడిచి వెళ్లిపోయింది. తిరిగి వచ్చేసరికి రామాంజినమ్మ లేచి నిలబడి ఉంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. చంద్రమోహన్ నాలుగు రోజులు గొంతు చించుకున్నాడు. కాలర్ల వరసలో బిళ్ల పద్ధతి ఆగిపోయింది. మిగతా వరసల్లో మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

దసరా సెలవులకు అరుణజ్యోతి ఊరికి పోయింది. తల్లిదండ్రులు బెంగుళూరు నుంచి తిరిగొచ్చి చాలా ఏళ్లయింది. ఉన్న కాస్త చేనే మళ్లీ చేసుకుంటున్నారు. ఎర్రిస్వామి ఇల్లు పక్క వీధిలోనే. ఆయన కొడుకు హనుమంతరాయుడు, కోడలు ఇప్పుడు బెంగుళూరులో పని చేస్తున్నారు. వాళ్ల ఏడేళ్ల కూతురు వర్షితను ఈ ఏడే బడి కోసం ఊళ్లో వదిలారన్న సంగతి ఆమెకు వచ్చాకే తెలిసింది.

ఆ సాయంత్రం వర్షిత వీళ్ల ఇంటికి వచ్చింది. రెండు జడలు, పెద్ద కళ్లు. నరసమ్మ గ్లాసు నిండా మజ్జిగ పోసి ఇచ్చింది. పిల్ల గ్లాసు వంక ఆశగా చూసి వెనక్కి జరిపింది.

"వద్దవ్వా. రేపట్నుంచి బడి లేదు."

నరసమ్మ పకపకా నవ్వింది. "మజ్జిగకూ బడికీ ఏం సంబంధం మే, పిచ్చిదానా!"

అరుణజ్యోతి నవ్వలేదు. పిల్ల కాలి మీద కాలు వేసి, తొడలు కలిపి నిలబడి ఉంది. ఆ నిలబడే తీరు అరుణజ్యోతిదే. పిల్ల వెళ్లిపోయాక కూడా ఆమె అక్కడే నిలబడిపోయింది.

మర్నాడు శెనక్కాయ పీకుడు. ఎర్రిస్వామి, ఓబులమ్మ పొద్దున్నే చేనికి పోయారు. వాళ్లు పోయారని చూసుకుని అరుణజ్యోతి ఆ ఇంటికి నడిచింది. పదేళ్లలో ఆ గది వైపు ఆమె ఒక్కసారి కూడా పోలేదు. అదే తలుపు, అదే రేకుల కప్పు. బయట గొళ్లెం వేసి ఉంది. నొప్పి మెలిపెట్టడం మొదలైంది. గోడకు చెయ్యి ఆనించి, ఊపిరి కడుపు దాకా పీల్చి వదిలింది. మళ్లీ పీల్చి వదిలింది. ఆ తర్వాత గొళ్లెం తీసింది.

లోపల వర్షిత మూటల పక్కన ఒదిగి కూర్చుని ఉంది. వెలుతురుకు కళ్లు చికిలించింది. "అత్తా, తాత తిడతాడు. తలుపెయ్యి."

"తాతతో నేను మాట్లాడతా. ముందు నువ్వు ఒంటికి పోయిరా పో."

పిల్ల నమ్మలేనట్టు చూసి, ఒక్క పరుగు తీసింది.

అరుణజ్యోతి పిల్లను తీసుకుని అరుగు మీద కూర్చుంది. ఇంటి నుంచి అన్నం తెప్పించి ఇద్దరూ తిన్నారు. అక్కడ నుంచే బెంగుళూరులో ఉన్న హనుమంతరాయుడికి ఫోన్ చేసింది. చూసినది చూసినట్టు చెప్పింది, తనకు జరిగినది కూడా చెప్పింది.

"ఇప్పుడు ఏం చేద్దామన్నా?"

"నన్ను గూడా మా నాయన ఆ రూములోనే ఏసేటోడు మే. మగపిల్లోన్ని, ఎవురికి చెప్పుకునేది? ముసలోడైనాడు, మారింటాడులే అనుకుంటి." అన్నాడు హనుమంతరాయుడు. "నువ్వు ఏం చేస్తే అది. నేను పొద్దున్నే బస్సెక్కి వస్తాండా."

ఎండ నడినెత్తికి వచ్చాక ఎర్రిస్వామి తిండికి వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతులకు ఎర్రమట్టి. డెబ్బై దగ్గరపడ్డాయి, నడుము కొంచెం వంగింది. తెరిచి ఉన్న గది తలుపు, అరుగు మీద మనవరాలు, పక్కన తమ్ముడి కూతురు. ఆయనకు అర్థమైంది.

"ఎవురు తీసింది గొళ్లెం?"

"నేనే పెదనాయనా."

"నీకేం పని? పొలాల్లో ఎన్ని గుంతలుండాయో తెలుసునా? మూతల్లేని బోర్లు ఎన్నుండాయి? పిల్ల దాంట్లో పడితే దీని నాయనకు ఎవురు జవాబు చెప్పాల? కాపాడేకి ఏసినా తలుపు!"

"నన్ను గూడా కాపాడేకే ఏసినావా? విత్తనం తడిసిందని కొడవలి కాల్చి తొడ మీద పెట్టినావే, అది గూడా కాపాడేకేనా?"

అరుణజ్యోతి అరవలేదు. అయినా ఆ మాట వీధి చివరి దాకా పోయింది. పక్కిళ్ల ఆడవాళ్లు బయటికి వచ్చారు. ఎవరో చెబితే రామాంజులు, నరసమ్మ పరుగున వచ్చారు. రామాంజులు కూతురి రెక్క పట్టుకున్నాడు. "ఇంటికి రా పాపా. పెద్దోళ్లతో అట్ల మాట్లాడకూడదు."

"చెయ్యి తియ్యి నాయనా. నేను ఇంకా చెప్పల్యా." ఆమె తండ్రి వైపు కాదు, ఎర్రిస్వామి వైపే చూస్తోంది. "రెండేండ్లు ఆ రూములో ఉంటి. నీళ్లు తాగితే ఒంటికి వస్తాదని తాగకుండా ఉంటి. ఇప్పటికీ నా ఒళ్లు ఆడనే ఉండాది పెదనాయనా. తొమ్మిదేండ్ల నుంచీ ఈ కడుపు నొప్పికి ఆస్పత్రులు తిరగతాండా. నువ్వు కావాలని జబ్బు తెప్పించినావని నేననను. నీకు తెలీదు. ఇప్పుడు చెప్పినా గదా, ఇప్పుడు తెలిసింది. ఇంక ఈ పిల్లకు ఆ తలుపు పడకూడదు. పడితే పిల్లల హెల్ప్‌లైనుకు నేనే ఫోన్ చేస్తా. మా పెదనాయన అని చూడను."

ఎర్రిస్వామితో ఇంతవరకూ ఎవరూ ఇట్లా మాట్లాడలేదు. ఆయన తమ్ముడి మీద పడ్డాడు. "ఏమప్పా రామాంజులూ, కూతుర్ని ఇట్లనా పెంచింది?"

నరసమ్మ ముందుకు వచ్చింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి బావ ఎదుట తలెత్తి మాట్లాడి ఎరగని మనిషి. చెంగు నడుముకు దోపుకుని ఆయన ఎదురుగా నిలబడింది.

"పెంచేకి నీ చేతికిస్తిమి బావా. ఇట్లనా పెంచింది అని నేను గదా నిన్ను అడగాల్సింది?" ఆమె అక్కడితో ఆగలేదు. "ఉగాదికి వచ్చి బాగుండావా అంటే బాగుండా అనింది నా బిడ్డ. నువ్వు ఆడనే నిలబడి ఉంటివి." అరుగు మీదున్న వర్షిత చెయ్యి పట్టుకుంది. "హనుమంతరాయుడు వచ్చేదాకా ఈ పాప మా యింట్లో ఉంటాది. రా మే."

ఓబులమ్మ గుమ్మంలో కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. ఎర్రిస్వామి తువ్వాలు దులుపుకుని, అన్నం తినకుండానే మళ్లీ చేనికి పోయాడు. క్షమించమని అనలేదు. ఆ తర్వాత కూడా ఎన్నడూ అనలేదు.

ఇంటికి వచ్చాక రామాంజులు పెరట్లో చాలాసేపు ఊరికే తిరిగాడు. చివరికి కూతురి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "నాకు తెలీదు బిడ్డా. అన్న గదా, బాగా చూసుకుంటాడు అనుకుంటి."

"అప్పుడు నన్ను పక్కకు పిలిచి ఒక్కసారి అడిగింటే బాగుండు నాయనా" అంది అరుణజ్యోతి. ఓదార్చడానికి ఇంకేమీ కలపలేదు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, వాకిట్లో ఆరబోసిన శెనక్కాయల మీద కోళ్లు పడకుండా అదిలిస్తూ ఉండిపోయారు.

హనుమంతరాయుడు మర్నాడు మధ్యాహ్నానికి వచ్చాడు. తండ్రి ఇంటికి పోకుండా నేరుగా చిన్నాయన ఇంటికే వచ్చాడు. బెంగుళూరులో వాళ్లుండే రేకుల షెడ్డు దగ్గర పిల్లను పెట్టుకునే వీలు లేదు. ఈ ఏడు బడి అయ్యేదాకా వర్షిత నరసమ్మ దగ్గరే ఉండేట్టు మాట్లాడుకున్నారు. ఎర్రిస్వామి ఆ వీధిలోకి రావడం మానేశాడు. ఊళ్లో సగం మంది అరుణజ్యోతిది నోటి దురుసు అన్నారు. మిగతా సగం ఏమీ అనలేదు, కానీ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నీళ్ల కొళాయి దగ్గర నరసమ్మను పక్కకు పిలిచి, మీ పాప చూపించుకునే ఆ డాక్టరమ్మ యాడుంటాదని మెల్లగా అడిగారు.

అరుణజ్యోతి అనంతపురం తిరిగివచ్చింది. అంతటితో నొప్పి మాయమైపోయిందంటే అది కట్టుకథే అవుతుంది. గొళ్లెం తీసిన మరుసటి వారమే ఆమె రెండు రోజులు లేవలేకపోయింది. కానీ ఈసారి భయపడలేదు. కాపడం పెట్టుకుంది, మాత్ర వేసుకుంది, మూడో రోజు చాప పరిచింది. సంక్రాంతి దాటేసరికి నొప్పి లేని వారాలు రావడం మొదలయ్యాయి. ముట్టు రోజులు ఇంకా కష్టమే.

"నొప్పి పదికి ఎంత ఉందిప్పుడు?" అని అడిగింది సుమిత్ర ఒకరోజు.

"వచ్చినప్పుడు నాలుగు మేడం. ముందు తొమ్మిది ఉండె."

"నాలుగంటే బాగా తగ్గినట్టే."

"నాకు చాలదు మేడం. రెండుకు తీసకరావాల" అంది అరుణజ్యోతి. సుమిత్ర కళ్లజోడు తీసి ఆమెను చూసి, తొందరపడకుండా మందు మోతాదు మార్చి రాసింది.

మొన్న ఆదివారం నరసమ్మ ఫోన్ చేసింది. వర్షిత మీద ఒకటే ఫిర్యాదు. పిల్ల ఇంటిపట్టున ఉండటం లేదు, వీధులన్నీ తనవే. ఎదురింటి వాళ్ల మేకపిల్లను తెచ్చి మంచానికి కట్టేసింది. పక్కలో ఒంటికి పోవడం మాత్రం ఇంకా మానలేదు.

"తిట్టద్దుమ్మా" అంది అరుణజ్యోతి. "గుడ్డ మార్చి పండుకోబెట్టు. కొట్టద్దు, నలుగురిలో అనద్దు."

"నేను యాడ తిడతాండా? నాలుగు గుడ్డలు కుట్టిపెట్టినా దానికోసమే." అంది నరసమ్మ. "నీకెట్ల ఉండాది ఇప్పుడు?"

ఆ ప్రశ్నకు పన్నెండేళ్లుగా ఆమె దగ్గర ఒకటే జవాబు ఉండేది. ఈసారి మంచం మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, ఈ వారం నొప్పి ఏ రోజు వచ్చిందో, ఎంతసేపు ఉందో, తాను ఏం చేసిందో అంతా అమ్మకు వివరంగా చెప్పడం మొదలుపెట్టింది.